ప్రేమ నవల, సైన్స్ ఫిక్షన్: పాఠకుల అపేక్షలు

ప్రేమ నవల చేతిలోకి తీసుకున్న పాఠకురాలికి చివర ఏం జరుగుతుందో ముందే తెలుసు. నాయికా నాయకులు ఒకటవుతారు. ఎలా ఒకటవుతారు, మధ్యలో ఏది అడ్డుపడుతుంది, ఆ అడ్డు ఎలా తొలగుతుంది అన్నదాని కోసమే ఆమె పుస్తకమంతా చదువుతుంది. సైన్స్ ఫిక్షన్ చదివేవారికి ముగింపు గురించి అలాంటి హామీ ఏదీ ఉండదు. నాయకుడు చచ్చిపోయినా, భూమే బద్దలైపోయినా వారు కాదనరు. అయితే కథ మొదట్లో రచయిత తన లోకానికి పెట్టిన నియమాలు చివరిదాకా చెల్లాలి. ఇరకాటంలో పడ్డప్పుడల్లా వాటిని సడలించుకుంటూ పోయే రచయితను వారు క్షమించరు. ప్రేమ నవల మాట ఇచ్చేది ముగింపు గురించి, సైన్స్ ఫిక్షన్ మాట ఇచ్చేది లోకం నడిచే తీరు గురించి. పాఠకులు ఈ రచయితలకు రాసిన ఉత్తరాలు, పెట్టిన పేచీలు, పట్టిన హారతులు చాలావరకు ఆ మాట నిలబెట్టుకున్నారా లేదా అన్నదాని చుట్టూనే తిరిగాయి.

రెండింటినీ కాలక్షేపపు రాతలని కొట్టిపారేయడం సాహిత్య విమర్శలో చాలాకాలం నడిచింది. లక్షలమంది ఏళ్ల తరబడి ఒకే రకం కథను ఎందుకు వెతుక్కుంటున్నారన్న ప్రశ్నను విశ్వవిద్యాలయాలు 1970ల దాకా పెద్దగా పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యం వల్ల నష్టపోయింది పాఠకులు కాదు, విమర్శకులే.

ప్రేమ నవల అంటే ఏది

ప్రేమ ఉన్న ప్రతి కథా ప్రేమ నవల కాదు. శరత్‌చంద్ర చటోపాధ్యాయ 1917లో ప్రచురించిన ‘దేవదాసు’ 1953 నాటి సినిమాతో తెలుగువారికి సొంత కథ అయిపోయింది. దానిలో ప్రేమ ఉంది, ఎడబాటు ఉంది, కలయిక లేదు. ప్రేమ నవల అడిగిన పాఠకురాలి చేతిలో ఆ పుస్తకం పెడితే తనను మోసం చేశారనే అనుకుంటుంది. అమెరికాలో 1980లో ఏర్పడ్డ ప్రేమ నవలా రచయితల సంఘం రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా ఈ ప్రక్రియకు రెండే లక్షణాలు చెప్పింది. కథకు కేంద్రం ప్రేమే కావాలి. ముగింపు మనసుకు తృప్తిని, భవిష్యత్తు మీద నమ్మకాన్ని ఇవ్వాలి. మిగతావన్నీ, అంటే కాలం, దేశం, శృంగారం పాలు, హాస్యం, హత్య, దయ్యాలు, అన్నీ రచయిత ఇష్టం.

పమేలా రెజిస్ అనే సాహిత్య పరిశోధకురాలు 2003లో వెలువరించిన గ్రంథంలో ఈ ప్రక్రియ ఎముకలగూడును విడదీసి చూపించింది. శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘పమేలా’ (1740), జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు అచ్చు నవలల దాకా ఎనిమిది ఘట్టాలు తప్పకుండా కనిపిస్తాయని ఆమె చెప్పింది. అవి కథ జరిగే సమాజం, ఇద్దరూ ఎదురుపడడం, వారి మధ్య అడ్డు, ఆకర్షణ, ప్రేమను బయటపెట్టడం, ఇక ఈ జంట కలవదని తేలిపోయే ఘడియ, సత్యం తెలిసిరావడం, పెళ్లి నిశ్చయం. వరస మారవచ్చు, ఒక్కొక్కటి ఒకటికి రెండుసార్లు రావచ్చు. పాఠకులకు వీటిలో అన్నిటికన్నా కావలసినది కలవరని తేలిపోయే ఆ ఘడియ. ముగింపు తెలిసి కూడా అక్కడ గుండె గుబగుబలాడాలి. ఆ ఘట్టం పేలవంగా ఉంటే తర్వాత వచ్చే కలయికకు విలువ ఉండదు. రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం మీద నవలంతా నడిపిన రచయితలను పాఠకులు తిట్టుకునేది ఇందుకే.

ఈ కథలు చదువరులకు చేరిన దారి కూడా వాటి రూపాన్ని నిర్ణయించింది. జెరాల్డ్ మిల్స్, చార్లెస్ బూన్ కలిసి 1908లో లండన్‌లో పెట్టిన సంస్థ మొదట్లో అన్ని రకాల పుస్తకాలూ వేసేది. 1930లలో అది ప్రేమ నవలల మీదే నిలబడింది. అప్పట్లో బ్రిటన్‌లో ఆ నవలలను ఎక్కువగా నడిపించినవి తక్కువ అద్దెకు పుస్తకాలిచ్చే లైబ్రరీలు. మిల్స్ అండ్ బూన్ నవలల గోధుమరంగు బైండు చూడగానే పాఠకురాలికి లోపల ఏముంటుందో అర్థమయ్యేది. రచయిత్రి ఎవరన్నది రెండో సంగతి. కెనడాలోని విన్నిపెగ్‌లో 1949లో పుట్టిన హార్లెక్విన్ 1957 నుంచి ఈ నవలలను ఉత్తర అమెరికాలో పునర్ముద్రించి, 1971లో ఆ సంస్థనే కొనేసింది. ప్రేమ నవలలను కిరాణా దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో పెట్టి నెలనెలా అమ్మే పద్ధతి అక్కడి నుంచే బలపడింది.

స్మిత్‌టన్ పాఠకురాళ్లు

ప్రేమ నవల చదివేవారిని నేరుగా అడిగి రాసిన తొలి పెద్ద అధ్యయనం జానిస్ రాడ్వే ‘రీడింగ్ ది రొమాన్స్’ (1984). అమెరికా మధ్య ప్రాంతంలోని ఒక ఊరికి ఆమె స్మిత్‌టన్ అని మారుపేరు పెట్టింది. అక్కడి పుస్తకాల షాపులో పనిచేసే డాట్ అనే ఆవిడ, ఇదీ మారుపేరే, వచ్చిన ప్రతి ప్రేమ నవలా చదివి, ఏది బాగుందో ఏది బాగాలేదో తన ఖాతాదార్లకు చెప్పేది; ఆ అభిప్రాయాలతో ఒక చిన్న పత్రిక కూడా నడిపేది. ఆమె మాట మీద పుస్తకాలు కొనే 42 మంది స్త్రీలకు రాడ్వే ప్రశ్నావళి ఇచ్చింది, కొందరితో విడివిడిగా మాట్లాడింది.

నవలలో తప్పక ఉండవలసినది ఏమిటంటే వారు మొట్టమొదట చెప్పినది సుఖాంతం. రెండోది ప్రేమ నెమ్మదిగా, మెట్టుమెట్టుగా పెరగడం. నాయికా నాయకులు ఒకటైన తర్వాత ఎలా ఉన్నారో కూడా కొంచెం చూపించాలని చాలామంది అడిగారు. అసలు ఉండకూడనివి ఏమిటంటే బలాత్కారం, విషాదాంతం, శారీరక హింస, ఒకరి పక్క నుంచి ఇంకొకరి పక్కకు మారుతూ పోయే సంబంధాలు. నాయిక తెలివైనది, మాటకు మాట చెప్పగలది కావాలి. నాయకుడు పైకి ఎంత కరుకుగా ఉన్నా లోపల మెత్తన ఉండాలి, ఆ మెత్తదనం చివరికి బయటపడాలి. బలహీనుడైన నాయకుడు వారికి నచ్చడు. కొందరు పుస్తకం కొనేముందే చివరి పేజీలు తిరగేసి ముగింపు చూసుకునేవారు. కష్టపడి దాచుకున్న సమయాన్ని, డబ్బును ఏడిపించే పుస్తకం మీద పెట్టడానికి వారు సిద్ధంగా లేరు.

రాడ్వే బయటపెట్టిన అసలు విషయం ఈ జాబితాల్లో లేదు. ఆ స్త్రీలు చాలామంది భర్తను, పిల్లలను, ఇంటిని చూసుకునేవారు. ఇంట్లో అందరి బాగోగులూ వారు చూస్తారు, వారి బాగు చూసేవారు లేరు. పుస్తకం తీసి కూర్చోవడమంటే కాసేపు నన్ను ఎవరూ పిలవకండి అని ఇంటిల్లిపాదికీ చెప్పడం. కథలో నాయికను ఒకరు మనసారా పట్టించుకోవడం చూసి తాము కూడా పట్టింపుకు నోచుకున్నట్టు అనిపించేది. చారిత్రక నవలల ద్వారా దేశాలు, కాలాలు, ఆచారాలు తెలుసుకుంటున్నామని కూడా వారు గట్టిగా చెప్పుకున్నారు. ఈ చదువు ఒక చిన్న తిరుగుబాటేనని, అయితే ఇంటి ఏర్పాటును అది మార్చదని రాడ్వే తేల్చింది. రెండో మాటను ప్రేమ నవలా రచయిత్రులు ఒప్పుకోలేదు. జేన్ ఆన్ క్రెంట్జ్ సంపాదకత్వంలో 1992లో వచ్చిన వ్యాస సంకలనంలో వారు తమ పాఠకురాళ్ల తరఫున జవాబు చెప్పారు. కథలో చివరికి గెలిచేది నాయికేనని, లొంగేది నాయకుడేనని వారి వాదం. పాఠకురాళ్ల మాటలు శ్రద్ధగా విన్నందుకు రాడ్వేకూ, తమ ప్రక్రియను లోపలి నుంచి వివరించినందుకు ఈ రచయిత్రులకూ సమానంగా రుణపడి ఉండాలి.

పాఠకుల కోరికలు మారవని అనుకోకూడదు. కాథ్లీన్ వుడివిస్ ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’ (1972) పడకగది తలుపు తెరిచి, పెద్ద చారిత్రక ప్రేమ నవలకు దారి వేసింది. కానీ ఆ నవలలో నాయకుడే నాయికను మొదట బలవంతం చేస్తాడు. అప్పట్లో కోట్లకు పడగెత్తిన ఆ పద్ధతి తర్వాతి దశాబ్దాల్లో పాఠకులకు వెగటైపోయింది. ఇద్దరి సమ్మతి లేని శృంగారాన్ని ఇవాళ్టి పాఠకులు నాయకుడి ఖాతాలో రాయనివ్వరు. శృంగారం ఏ మోతాదులో ఉందో, బాధాకరమైన విషయాలేవైనా ఉన్నాయో పుస్తకం మొదట్లోనే చెప్పమంటున్నారు.

తెలుగు పాఠకురాళ్లు

తెలుగులో ఈ చదువరులను తయారుచేసినవి వారపత్రికలు, మాసపత్రికలు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో ధారావాహికగా వచ్చి, 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా అయింది. చదువుకుని, తన కాళ్ల మీద తాను నిలబడాలనుకునే జయంతి. ఆస్తి, అందం, కాస్త అహం ఉన్న రాజశేఖరం. ఇద్దరి మధ్య అడ్డు డబ్బూ కాదు, పెద్దలూ కాదు, జయంతి ఆత్మాభిమానం. ఉద్యోగాలకు అప్పుడప్పుడే బయటికి వస్తున్న మధ్యతరగతి ఆడపిల్లలకు ఈ అడ్డు బాగా తెలిసినదే. యజమాని మంచివాడైనా సరే, అతని దయ మీద కాకుండా అతని గౌరవం మీద పెళ్లి జరగాలి. సులోచనారాణి నాయకుడు రెండు తరాల పాఠకురాళ్ల మనసులో మగవాడి కొలబద్దగా నిలిచిపోవడానికి కారణం అతని కారూ బంగళా అనుకోవడం పొరపాటు. ఆమె నాయిక కాదు అన్నప్పుడు అతను వింటాడు.

సీరియల్ వచ్చిన వారం పత్రిక ఇంట్లో చేతులు మారేది. కథ అయిపోయాక ఆ పేజీలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, బైండు చేయించుకుని దాచుకున్న ఇళ్లు ఎన్నో. కొనలేనివారికి వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. రచయిత్రుల పేరుకు గిరాకీ ఎంతగా పెరిగిందంటే కొందరు మగవాళ్లు ఆడపేర్లతో రాశారు.

అయితే తెలుగు పాఠకుల ప్రేమ రుచి రెండు పాయలుగా నడిచింది. సుఖాంతాన్ని కోరినవారే విషాదాన్నీ గుండెలకు హత్తుకున్నారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో రేవంత్ అనే చదరంగం ఆటగాడికి ఫోనులో మాత్రమే పలికే అమ్మాయి తన ఆచూకీ కనిపెట్టమని సవాలు విసురుతుంది. కథ పజిల్‌లా నడిచి విషాదంలో ముగుస్తుంది. అమెరికా నిర్వచనం ప్రకారం ఇది ప్రేమ నవల కిందికి రాదు. తెలుగు పాఠకులు మాత్రం దాన్ని తమ ప్రేమ నవలల్లో ముందు వరసలో పెట్టుకున్నారు. ముగింపు మీద ఒప్పందం అన్ని భాషల్లోనూ ఒకేలా గట్టిగా లేదనడానికి ఇదొక సాక్ష్యం.

సైన్స్ ఫిక్షన్: ఉత్తరాలు రాసే పాఠకులు

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టీన్’ (1818), జూల్స్ వెర్న్ యాత్రా నవలలు, హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషీన్’ (1895) ముందే ఉన్నా, సైన్స్ ఫిక్షన్ పాఠకులు ఒక వర్గంగా ఏర్పడింది అమెరికన్ పత్రికల వల్ల. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ మొదలుపెట్టాడు. కథలో మూడు పాళ్లు సాహిత్యం ఉంటే ఒక పాలు సైన్స్ ఉండాలని అతని సూత్రం. అంతకన్నా ముఖ్యంగా అతను చేసిన పని, పాఠకుల ఉత్తరాలను వారి చిరునామాలతో సహా అచ్చువేయడం. ఉత్తరాలు చదివినవారు ఒకరికొకరు రాసుకున్నారు, కలుసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు, సొంతంగా చిన్న పత్రికలు తీశారు. 1939లో న్యూయార్క్‌లో తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. 1953లో మొదలైన హ్యూగో పురస్కారాలను ఆ సమావేశ సభ్యులు, అంటే పాఠకులే, ఓట్లతో నిర్ణయిస్తారు. 1937లో ‘అస్టౌండింగ్’ పత్రిక సంపాదకుడైన జాన్ డబ్ల్యు. కాంప్‌బెల్ ప్రతి సంచికలోని కథలకు పాఠకులు వేసిన ర్యాంకులను పత్రికలో ప్రకటించేవాడు. ఏ కథ నిలిచిందో, ఏది పడిందో రచయితకు అచ్చులో కనిపించేది.

ఆ ఉత్తరాల పేజీల్లోనే 1938, 1939 సంవత్సరాల్లో ఐజాక్ అసిమోవ్ అనే కుర్రవాడు సైన్స్ ఫిక్షన్‌లోకి ప్రేమ వ్యవహారాలను తేవద్దని పదే పదే రాశాడు. కథ మధ్యలో అమ్మాయి వచ్చిందంటే సైన్స్ ఆగిపోతుందని అతని ఫిర్యాదు. అతని వాదాన్ని ఖండిస్తూ ఇతర పాఠకులు రాశారు. నాటి పాఠకుల్లో ఎక్కువమంది చదువుకునే వయసు మగపిల్లలు కావడం, నాటి కథల్లో స్త్రీ పాత్ర రాక్షసుడి చేతికి చిక్కి కేక వేయడానికే పరిమితం కావడం ఈ గొడవకు మూలం. ప్రేమ మీద విముఖత కన్నా, అతికించిన ప్రేమ మీద విసుగే అందులో ఎక్కువ.

లెక్క తప్పితే

కఠిన శాస్త్రం ఆధారంగా నడిచే కథల్లో పాఠకుడు ప్రత్యర్థి ఆటగాడు. హాల్ క్లెమెంట్ ‘మిషన్ ఆఫ్ గ్రావిటీ’ (1953) కోసం మెస్క్లిన్ అనే గ్రహాన్ని కల్పించాడు. అది విపరీతమైన వేగంతో తిరగడం వల్ల బొంగరంలా నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. మధ్యరేఖ దగ్గర ఆకర్షణ భూమికి మూడు రెట్లు, ధ్రువాల దగ్గర వందల రెట్లు. తన లెక్కలన్నీ వివరిస్తూ అతను వ్యాసం రాసి, తప్పు పట్టడమే పాఠకుడి ఆట, పట్టుబడకపోవడమే రచయిత ఆట అన్నాడు.

లారీ నివెన్ ‘రింగ్‌వరల్డ్’ (1970) విషయంలో ఆ ఆట బహిరంగంగా జరిగింది. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ కట్టిన మహా వలయం, దాని లోపలి గోడ మీద లక్షల భూములంత నేల. మొదటి ముద్రణలో తొలి అధ్యాయంలోనే భూమి తప్పు దిక్కుకు తిరుగుతోందని పాఠకులు పట్టుకున్నారు. అది తర్వాతి ముద్రణల్లో సరిదిద్దారు. రెండో తప్పు అంత తేలిగ్గా పోయేది కాదు. గ్రహం కక్ష్యలో ఉన్నట్టు వలయం కక్ష్యలో ఉండదు. కొంచెం పక్కకు జరిగితే దాన్ని వెనక్కు లాగే బలం లేక, జరిగిన వైపే జరుగుతూ పోయి నక్షత్రాన్ని తాకుతుంది. 1971లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ సమావేశంలో ఎం.ఐ.టి. విద్యార్థులు రింగ్‌వరల్డ్ నిలకడగా ఉండదని నినాదాలు చేస్తూ తిరిగారు. అదే సమావేశంలో పాఠకులు ఆ నవలకు హ్యూగో పురస్కారమూ ఇచ్చారు. తప్పు పట్టడానికీ ప్రేమించడానికీ మధ్య వారికి పేచీ కనిపించలేదు. ఆ తర్వాత నివెన్ ‘ది రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్’ రాసి, వలయాన్ని చోటు తప్పకుండా పట్టి ఉంచే జెట్ ఇంజన్లను కథలోకి తెచ్చాడు. పాఠకుల లెక్క ఒక నవలను పుట్టించింది. ఆండీ వెయర్ ‘ది మార్షియన్’‌ను అధ్యాయాల వారీగా తన సైట్‌లో పెట్టినప్పుడు కూడా చదివినవారు సైన్సు తప్పులు చెప్పడం, అతను దిద్దుకోవడం జరిగింది.

ప్రేమ నవలకూ సైన్స్ ఫిక్షన్‌కూ ఉన్న తేడా ఒకే కథలో చూడాలంటే టామ్ గాడ్విన్ ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’ చూడాలి. 1954 ఆగస్టు ‘అస్టౌండింగ్’లో వచ్చింది. ఒక గ్రహం మీద జ్వరంతో చావుబతుకుల్లో ఉన్నవారికి మందు తీసుకుపోతున్న చిన్న నౌక. పైలట్ బరువుకు సరిపడా మాత్రమే ఇంధనం. అన్నను చూడాలన్న ఆశతో పద్దెనిమిదేళ్ల అమ్మాయి దొంగచాటుగా ఎక్కేసింది. ఆమె ఉంటే నౌక దిగలేదు, మందు చేరదు, అందరూ చస్తారు. గాడ్విన్ ఆమెను బతికించడానికి ఏదో ఒక ఉపాయం కనిపెడుతూ ఉంటే కాంప్‌బెల్ కథను వెనక్కు పంపుతూ వచ్చాడని చెబుతారు. చివరికి అచ్చయిన రూపంలో ఆ అమ్మాయి అన్నతో రేడియోలో మాట్లాడి, చావుకు సిద్ధపడి నౌక బయటి గదిలోకి నడుస్తుంది. ప్రేమ నవల పాఠకులు ఈ ముగింపును భరించరు. సైన్స్ ఫిక్షన్ పాఠకులు దాన్ని డెబ్బై ఏళ్లుగా తలుచుకుంటున్నారు. వారి అభ్యంతరం కూడా ముగింపు క్రూరంగా ఉందని కాదు, లోకం సరిగా కట్టలేదని. పైసా మిగులు లేకుండా ఇంధనం పోసే ఇంజనీరు ఎవరు? బయలుదేరే ముందు నౌకను ఎందుకు వెతకలేదు? పనికిరాని సామాను ఏదీ పారేయడానికి లేదా? అమ్మాయిని చంపింది భౌతికశాస్త్రం కాదు, నౌక నడిపే వ్యవస్థ నిర్లక్ష్యం అన్న వాదన ఇవాళ చాలా బలంగా ఉంది. నియమం చెల్లాలన్న పట్టుదలే ఆ నియమాన్ని ఎవరు పెట్టారని అడిగేదాకా వచ్చింది.

అబ్బురం, కొత్త ఊహ

లెక్కలు అందరికీ పట్టవు. ఎక్కువమంది కోరేది ఒళ్లు గగుర్పొడిచే అబ్బురం. ఉత్తరాల్లో ప్రేమ వ్యవహారాలను తిట్టిన అసిమోవే 1941లో ‘నైట్‌ఫాల్’ రాశాడు. ఆరు సూర్యులున్న గ్రహం మీద 2049 ఏళ్లకు ఒకసారి మాత్రమే రాత్రి అవుతుంది. నక్షత్రాలను ఎన్నడూ చూడని మనుషులు వాటిని ఒక్కసారిగా చూస్తారు. ఆర్థర్ సి. క్లార్క్ ‘రాన్‌దెవూ విత్ రామా’ (1973)లో సౌరకుటుంబంలోకి వచ్చిన మహా నౌకను మనుషులు శోధిస్తారు. కట్టినవారెవరో తెలియకుండానే అది వెళ్లిపోతుంది. జవాబు లేకపోవడం ఇక్కడ లోపం కాలేదు.

డార్కో సూవిన్ అనే విమర్శకుడు 1970లలో ఈ అబ్బురాన్ని సిద్ధాంతంగా చెప్పాడు. సైన్స్ ఫిక్షన్‌లో మన లోకంలో లేని ఒక కొత్త అంశం ఉంటుంది, దాన్ని హేతుబద్ధంగా పెంచుకుంటూ పోతే కథ పుడుతుంది, పాఠకుడు తిరిగి తన లోకాన్ని చూసినప్పుడు అది వింతగా కనబడుతుంది. అర్సులా లె గ్విన్ ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ (1969)లో గెథెన్ గ్రహవాసులకు స్థిరమైన ఆడ, మగ భేదం లేదు. ఆ ఒక్క మార్పుతో రాజకీయం, కుటుంబం, స్నేహం అన్నీ వేరైపోతాయి. పుస్తకం మూసిన పాఠకుడికి తన ఇంటి ఏర్పాటే ప్రశ్నగా మిగులుతుంది. చైనాలో లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ 2006లో పత్రికలో ధారావాహికగా మొదలై, ఆంగ్లానువాదానికి 2015లో హ్యూగో పొందింది. అందులోనూ పాఠకులను పట్టేసింది మూడు సూర్యుల మధ్య నలిగే గ్రహం అనే ఊహే.

రెండూ కలిసినచోట

పాఠకులు ఈ రెండింటినీ వేరువేరుగా ఎన్నడూ ఉంచలేదు. ‘స్టార్ ట్రెక్’ టీవీ ధారావాహిక వస్తున్నప్పుడే 1967లో అభిమానులు ‘స్పాకనేలియా’ అనే చిన్న పత్రిక తెచ్చారు. అలాంటి పత్రికల్లో అంతరిక్ష నౌకలోని పాత్రల మధ్య మమతలు, ప్రేమలు రాసినవారిలో స్త్రీలే ఎక్కువ. ఆ సంప్రదాయం 2009లో ఇంటర్నెట్‌లో మొదలైన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ దాకా వచ్చింది. అక్కడ పాఠకులు ట్యాగులు చూసి కథ ఎంచుకుంటారు: శత్రువులు ప్రేమికులవడం, ఉత్తుత్తి పెళ్లి, నెమ్మదిగా రాజుకునే ప్రేమ. ఈ ఆర్కైవ్‌కు 2019లో హ్యూగో దక్కింది.

రెండు ప్రక్రియలను కలిపే రచయిత రెండు మాటలూ నిలబెట్టుకోవాలి. నౌక బొమ్మ తీసేసి ఓడ బొమ్మ పెట్టినా కథ మారకపోతే సైన్స్ ఫిక్షన్ పాఠకుడు పెదవి విరుస్తాడు. యుద్ధ తంత్రాల మధ్య ప్రేమకు రెండు పేజీలే ఇస్తే ప్రేమ నవల పాఠకురాలు పుస్తకం మూసేస్తుంది. ఇద్దరికీ నచ్చిన పుస్తకాల్లో ఒక సంగతి కనిపిస్తుంది: ఆ కొత్త ఊహే ప్రేమకు అడ్డు. ఆడ్రీ నిఫెనెగర్ ‘ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్’ (2003)లో హెన్రీకి జన్యులోపం వల్ల తన ప్రమేయం లేకుండా కాలంలో ముందుకూ వెనక్కూ జారిపోయే జబ్బు. భార్య క్లేర్ బతుకంతా ఎదురుచూపే. జబ్బు తీసేస్తే ప్రేమకథ లేదు, ప్రేమ తీసేస్తే జబ్బుకు అర్థం లేదు. అసిమోవ్ సైతం ‘ది ఎండ్ ఆఫ్ ఎటర్నిటీ’ (1955)లో కాలాన్ని దిద్దే ఉద్యోగి ఒకడు ఒక స్త్రీ కోసం ఆ వ్యవస్థనే ధిక్కరించడం రాశాడు. ఉత్తరాల కుర్రవాడికి పదిహేనేళ్లు దాటేసరికి ప్రేమకు కథలో చోటెక్కడో తెలిసింది.

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ ‘ఎ సివిల్ క్యాంపెయిన్’ (1999) పరాయి గ్రహం మీద పెళ్లి సంబంధాల కథ. జేన్ ఆస్టిన్, షార్లట్ బ్రాంటీ, జార్జెట్ హేయర్, డొరొతీ సేయర్స్‌లకు ఆమె దాన్ని అంకితమిచ్చింది. 2008 ప్రపంచ సమావేశంలో ప్రసంగిస్తూ, ప్రేమ నవలలు ప్రేమను గురించిన కలలైతే, అపరాధ పరిశోధక నవలలు న్యాయాన్ని గురించిన కలలని, సైన్స్ ఫిక్షన్‌లో చాలా భాగం రాజకీయంగా లోకాన్ని మార్చగల శక్తిని గురించిన కల అని ఆమె వివరించింది. పాఠకుల కోరికల గురించి రచయితలు చెప్పిన మాటల్లో ఇంత సూటిగా తగిలేది మరొకటి లేదు. అమల్ ఎల్-మొహ్తార్, మాక్స్ గ్లాడ్‌స్టన్ కలిసి రాసిన ‘దిస్ ఈజ్ హౌ యు లూజ్ ది టైమ్ వార్’ (2019)లో వైరి పక్షాల గూఢచారిణులు ఇద్దరు యుగయుగాల్లో ఒకరికొకరు ఉత్తరాలు దాచి వదులుతూ ప్రేమలో పడతారు. అది నవలికల విభాగంలో హ్యూగో గెలిచింది.

భారతదేశంలో, తెలుగులో

భారతీయ సైన్స్ ఫిక్షన్‌కు పాత వేళ్లున్నాయి. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో రాసిన కథలో తలనూనె సీసా సముద్రంలో గుమ్మరిస్తే తుపాను చల్లబడుతుంది. ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీలో ఆ కథకు బహుమతి వచ్చింది. రొకేయా సఖావత్ హుసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. మగవాళ్లు పరదా చాటున ఉండి, స్త్రీలు సౌరశక్తితో దేశాన్ని నడిపే లోకం అది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మరాఠీ కథలకు పాఠకులను సంపాదించాడు.

తెలుగులో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యుడు కవనశర్మ సైన్స్ ఫిక్షన్ కథలు రాశాడు. యండమూరి ‘యుగాంతం’ లాంటి నవలల్లో లోకం అంతమయ్యే వేళ మనుషుల నడతను చూపించాడు. అయినా ప్రేమ, కుటుంబ, సస్పెన్స్ సీరియళ్లకు పత్రికలు ఇచ్చిన చోటు దీనికి దక్కలేదు. ఈ ప్రక్రియను జనంలోకి తీసుకెళ్లింది సినిమా. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991)లో కాలయంత్రం నాయికా నాయకులను 1526 నాటి విజయనగరానికి, తర్వాత అణుయుద్ధం ముగిసిన 2504వ సంవత్సరానికి తీసుకుపోతుంది. ప్రేక్షకులు గుండెకు హత్తుకున్నది కృష్ణదేవరాయల కొలువును. తెనాలి రామకృష్ణుడు ఎదురుపడితే ఎలా ఉంటుందన్న కోరిక తెలుగువారికి గ్రహాంతర యానం కన్నా దగ్గరిది. పురాణాన్ని భవిష్యత్తుతో ముడివేసిన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఎ.డి.’ (2024)కి దక్కిన ఆదరణ కూడా అదే రుచిని చూపింది.

తెలుగు పాఠకులు సైన్స్ ఫిక్షన్‌ను వద్దన్నారని చెప్పడానికి ఆధారం లేదు. ప్రేమ నవలకు వారపత్రిక, అద్దె షాపు, సినిమా మూడూ దొరికాయి. సైన్స్ ఫిక్షన్‌కు సినిమా ఒక్కటే దొరికింది; ఉత్తరాలు రాసి, లెక్కలు అడిగి, రచయితను నిలదీసే చదువరులు తయారయ్యే పత్రిక దానికి ఇంకా రావలసే ఉంది.